పిల్లల గదికి ఒక దూలం

తలుపు మూసి ఉంది. లోపల వాన పడుతోంది.

బయట మాత్రం ఎండ. చింతామణి నుంచి వచ్చే బస్సు లేపిన దుమ్ము ఇంకా వీధిలోనే నిలబడి ఉంది. చెట్ల ఆకులు కదలడం లేదు. అయినా ఆ మూసిన తలుపు వెనక సన్నటి జల్లు ఆగకుండా పడుతూనే ఉంది. చెవి దగ్గర పెట్టి వింటే అది వాన కాదని తెలుస్తుంది. వేల నోళ్ళు మల్బరీ ఆకు కొరుకుతున్న చప్పుడు అది. ఆ చప్పుడు వినిపిస్తున్నంత కాలం ఆ ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడరు.

తలుపు ఓరగా తెరుచుకుని వినుత బయటికి వచ్చింది. ముప్పై ఒక్క ఏళ్ళ మనిషి, నడుముకు బిగించిన కొంగు, జుట్టులో ఒక ఆకు ముక్క. వచ్చీ రాగానే రెండు అరచేతులూ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుంది. ఏడాదిగా అది ఆమెకు అలవాటైపోయింది. ఆ ఏడాది కథే ఇది.

ఆ ఇల్లు వినుత భర్త గిరీశ్ వాళ్ళ తాత కట్టించినది. మూరెడు మందం మట్టి గోడలు, పైన పెంకులు. ఇంటి మధ్యలో ఉన్న చల్లటి గది ఎప్పుడూ పట్టుపురుగులదే. మనుషులు ముందుగదిలో, వంటింట్లో సర్దుకోవాలి. పురుగుల గదికి గాలి ఆడాలని గోడలను కప్పు దాకా లేపకుండా పైన జానెడు సందు వదిలి కట్టారు. ఆ గది దగ్గరికి పౌడరు పూసుకుని పోకూడదు. అగరుబత్తి వెలిగించకూడదు. దోమలబత్తి అన్న మాట కూడా ఆ ఇంట్లో వినపడకూడదు. పెళ్ళయి వచ్చిన వారానికే అత్త మునిలక్ష్మమ్మ ఇవన్నీ వినుతకు నేర్పింది.

"మనకైతే నోరుండాది, చెప్పుకుంటాము. పాపం అవి ఎవురితో చెప్పుకుంటాయి?" అనేది ఆమె.

ఆ మాటలో వినుతకు తప్పేమీ కనిపించలేదు, చేతన్ పుట్టేదాకా. పిల్లాడికి రెండేళ్ళు నిండకముందే ఛాతీలో పిల్లి కూతలు మొదలయ్యాయి. ఊపిరి తీసినప్పుడల్లా లోపలెవరో చిన్న పీక ఊదుతున్నట్టుండేది. చింతామణి డాక్టరు గోడలు ఎట్లాంటివని అడిగాడు. మట్టి రాలే గోడల మధ్య, చెమ్మలో పడుకోబెట్టొద్దన్నాడు. పొడిగా, వెలుతురు పడే గది ఒకటి ఉండాలన్నాడు.

ఆ గది కోసమే పాత ఇంట్లో పని మొదలుపెట్టారు. గిరీశ్ టమాటా టెంపో నడుపుతాడు. చింతామణి మార్కెట్టులో లోడు ఎత్తుకుని మదనపల్లె పోతే రెండో రోజు వస్తాడు. కాబట్టి మేస్త్రీ వెంకటేశప్పకు నీళ్ళు అందించడం, ఇసుక కప్పడం, కొత్త గోడ తడపడం అన్నీ వినుత పనులే. పొద్దున పురుగులకు సొప్పు, అదే మల్బరీ ఆకు, కోసుకొచ్చి, ఆరేళ్ళ ఆశకు జడ వేసి ఇస్కూలుకు పంపి, ఇటుక పొడి నోట్లో పెట్టుకుంటున్న చేతన్‌ను చంకనెత్తుకుని మళ్ళీ గోడ దగ్గరికి. ఇసుక కుప్ప ఆశకు బల్ల, చేతన్‌కు పరుపు. సాయంత్రానికి ఇద్దరి కనురెప్పల మీదా సిమెంటు పొడి, మంచు పడ్డట్టు.

కొత్త గది ఇంటి వెనక, పడిపోయిన గొడ్లపాక చోట లేస్తోంది. ఒక పక్క పురుగుల గది గోడ. రెండో పక్క అంజినప్ప గోడ. పక్కింటి అంజినప్ప టమాటా రైతు. ఆయన తాతా, గిరీశ్ తాతా ఒకే గుంతలో మట్టి తవ్వి ఆ గోడ పెట్టారట. దూలం దాని మీద ఆనిస్తేనే గదికి వెడల్పు వస్తుంది. ఇంకో గోడ కట్టుకుంటే మిగిలేది నడవ మాత్రమే.

అడగడానికి మునిలక్ష్మమ్మే పోయింది. అంజినప్ప నవ్వాడు.

"పెట్టుకోండక్కా. వద్దనేదానికి గోడకేమన్నా నోరుండాదా?"

"నీకుండాది కదప్పా!"

"నాదేముండాది, ఇంట్లో నా మాట గోడ కంటే తక్కువే."

గోడలు నిలిచాయి. దూలం కోతకు వెళ్ళింది. ఆ వారం ముందుగది నేల తవ్వి బండలు పరుస్తుంటే పడుకోవడానికి చోటు లేక, పిల్లలను కప్పు లేని కొత్త గదిలోనే నీలం ప్లాస్టిక్ పట్ట కింద పడుకోబెట్టాల్సి వచ్చింది. గోడలు తడపడానికి నింపి పెట్టిన తొట్టి నిండా దోమలు. వీధిలో అప్పటికే ఇద్దరు పిల్లలు డెంగీతో ఆస్పత్రిలో ఉన్నారు. చేతన్ ఒంటి మీద పొద్దునకల్లా ఎర్రటి దద్దుర్లు. ఒళ్ళు కొంచెం వెచ్చగా కూడా ఉంది.

వినుత ఆ మధ్యాహ్నమే చింతామణి పోయి దోమల మిషను కొనుక్కొచ్చింది. ప్లగ్గులో పెడితే మందు ఆవిరయ్యే చిన్న సీసా. ఇల్లు చేరేదాకా దాన్ని పిల్లాడి చొక్కాలో చుట్టి పెట్టింది. చేయకూడదని ఆమెకు తెలుసు. పురుగుల గది గోడ మీది సందులో రెండు పాత చీరలు కుక్కింది. ఇంకేం పోతుందిలే అనుకుంది. రెండు గంటలే కదా అనుకుంది. పొద్దు గుంకే వేళకు ఇంట్లోంచి వైరు లాగి ప్లగ్గు పెట్టింది. చేతన్ చాలా రోజుల తర్వాత గోక్కోకుండా నిద్రపోయాడు. గోడకు ఇటు బిడ్డ ఊపిరి, అటు పురుగుల వాన. రెండూ వింటూ ఆమె కూడా ఎప్పుడు నిద్రపోయిందో తెలియలేదు. మిషను అట్లాగే వెలుగుతూ ఉండిపోయింది.

తెల్లవారి లేచేసరికి వాన లేదు.

పురుగు కుబుసం విడిచే ముందు తినడం మానేసి కదలకుండా ఉంటుంది. దాన్ని అక్కడ జ్వరం అంటారు. నాలుగు జ్వరాలు దాటి లేచిన పురుగులవి. ఇంకో నాలుగు రోజులైతే గూళ్ళు కట్టేవి. తట్టల నిండా తలలు పైకెత్తి, ఎవరినో వెతుకుతున్నట్టు అటూ ఇటూ ఊపుతున్నాయి. నోళ్ళ నుంచి పచ్చటి నీరు కారుతోంది. ఆకు మాత్రం వేసినది వేసినట్టే ఉంది.

మునిలక్ష్మమ్మ ఆకు తీసి వాసన చూసింది. "మందు," అంది. "సొప్పుకు మందు తగిలిండాది." ఆమె ముఖం మల్బరీ తోట వైపు తిరిగింది. తోట పక్కనే అంజినప్ప టమాటా చేను. ముందురోజు పొద్దున ఆయన వీపుకు డబ్బా కట్టుకుని మందు కొట్టడం వీధంతా చూసింది.

వినుత కొత్త గదిలోకి పరుగెత్తి ప్లగ్గు పీకింది. తిరిగి వచ్చేసరికి అత్త అంజినప్ప వాకిట్లో ఉంది.

"ఏమప్పా, నీ టమాటాకు ప్రాణముండాది, నా పురుగులకు లేదా?"

"కొట్టింది నిజమే అక్కా. గాలి నీ తోట పక్కకు లేదు. చూసుకోనే కొట్టినా."

"గాలి నీ ఇంట్లో ఎద్దా, చెప్పిన పక్కకు పోయేదానికి?"

"మాట తిన్నగా రానీ. ముప్పై ఏండ్లుగా నీ తోట పక్కనే చేస్తాండా. ఎప్పుడన్నా ఒక పురుగు చచ్చిండాదా?"

"అన్నీ కలిపి ఇప్పుడు చంపినావు కదా! మా గది లేస్తా ఉంటే నీ కండ్లలో పడింది."

ఆ మాటకు అంజినప్ప ముఖం రంగు మారింది. భుజం మీది టవలు తీసి విదిలించాడు.

"అట్లనా? అయితే నా గోడ మీద దూలం పెట్టొద్దు. వెంకటేశప్పా, దిగప్పా కిందికి! నా గోడ మీద చెయ్యి వెయ్యొద్దు."

మేస్త్రీ తాపీ పట్టుకుని నిచ్చెన దిగాడు. వినుత చేతన్‌ను చంకనెత్తుకుని గడప దగ్గర నిలబడి ఉంది. నోరు తెరిచింది. అంతలో పిల్లాడికి దగ్గు తెర వచ్చింది. దగ్గు ఆగేసరికి అంజినప్ప లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

ఆ సాయంత్రం చచ్చిన పురుగులను తోట చివర పూడ్చారు. వినుత ఇంకొకటి కూడా పూడ్చింది. కొత్త గదిలో నేల నింపడానికి పోసిన మట్టిలో, మూలకు, మోచేయి లోతున ఆ మిషను.

తర్వాత నలభై రోజులు గది ఆకాశానికి నోరు తెరుచుకుని ఉంది. కోసి తెచ్చిన దూలం గోడవారన పడుకుంది. దాని మీద కోళ్ళు ఎక్కేవి. పిల్లలు మళ్ళీ ముందుగదిలో మట్టి గోడ పక్కకు వచ్చారు. చేతన్ ఛాతీలో పీక మళ్ళీ మొదలైంది. రాత్రి దాన్ని లెక్కపెట్టడం, పొద్దున మబ్బులను చూడడం వినుత బతుకైంది. వానలు వస్తే కప్పు లేక రెండు పక్కల మట్టి గోడలూ కరిగిపోతాయి. ఒక్క మాట చెబితే దూలం లేస్తుందని ఆమెకు తెలుసు. ఆ మాట చెబితే తాను అత్తకు ఏమవుతుందో తెలియదు. ఎన్నోసార్లు వంటింట్లో అత్త పక్కన కూర్చుని, రాగిపిండి కలుపుతూ, "అత్తా" అని పిలిచింది. "ఏమ్మా" అనేసరికి "ఉప్పు చాలునా" అని అడిగింది.

మునిలక్ష్మమ్మ ఊరుకోలేదు. పంచాయతిలో చెప్పింది. సోమవారం పెద్దలు కూర్చుని అంజినప్పను అడుగుతారని ఖాయమైంది.

ఆదివారం వినుత జడ వేస్తుంటే ఆశ అంది: "అమ్మా, ఈ వారమంతా ఇస్కూల్లో నేను సుమ పక్కన కూచోలేదు."

సుమ అంజినప్ప మనవరాలు. అంగన్‌వాడి నుంచీ ఇద్దరిదీ ఒకటే బెంచీ.

"ఎందుకే?"

"వాళ్ళ తాత విషం పెట్టేవాడు కదా. నేనే అందరికీ చెప్పినా. ఆ పాప ఏడ్చింది."

వినుత చేతిలో జడ ఆగిపోయింది. మూడు పాయల్లో ఒకటి జారింది.

"ఏమ్మా, లాగు. నొప్పి లేదులే," అంది ఆశ.

రిబ్బను కట్టలేదు. లేచి కొత్త గదిలోకి పోయి, మూలలో కూర్చుని చేతులతోనే మట్టి తవ్వింది. మిషను బయటపడింది. సీసాలో మందు ఇంకా సగం ఉంది. దాన్ని పట్టుకుని, మోచేతుల దాకా మట్టితో, వీధిలోకి నడిచింది. కోడలు పోట్లాటకు పోతోందనుకుని మునిలక్ష్మమ్మ వెనకే వచ్చింది.

అంజినప్ప వాకిట్లో టమాటాలను బాక్సుల్లోకి ఏరుతున్నాడు. వినుత మిషను ఆయన ముందు పెట్టింది.

"మామా, పురుగులను చంపింది నీ మందు కాదు. నేను. బిడ్డకు దోమలని ఇది పెట్టినా. సందుకు చీరలు కుక్కినా. చాల్లేదు."

అంజినప్ప ఆ సీసాను తీసి ఎండకు పెట్టి చూశాడు.

"ఇంత చిన్నదా," అన్నాడు. తర్వాత వినుతను చూశాడు. "మీ అత్త నన్ను తిట్టింది ఒక్క దినం. నువ్వు ఊరికే ఉండింది నలభై దినాలు. లెక్క చేసుకోమ్మా, ఏది పెద్దదో."

"నాదే, మామా."

"మా సుమ అన్నం తినకుండా పండుకుంటాంది వారం దినాలుగా. యాడికి పోయి చెప్పల్ల నేను?" చాలాసేపు టమాటాలు ఏరాడు. మంచివీ మెత్తవీ ఒకే బాక్సులో పడుతున్నాయి. "పిల్లోనికి ఎట్లుండాది?"

"ఊపిరి ఆడేది లేదు మామా, రాత్రంతా."

"మేస్త్రీని పిల్చుకో. దూలం పెట్టుకోండి. గోడ నేను కట్టింది కాదు, వద్దనేదానికి. కానీ మీ గడప తొక్కేది నాతో కాదమ్మా. అది మాత్రం అడగొద్దు."

వినుత వెనక్కి తిరిగింది. అత్త నిలబడినచోట ఎవరూ లేరు.

మునిలక్ష్మమ్మ తిట్టి ఉంటే బాగుండేది. ఆమె తిట్టలేదు. సోమవారం పంచాయతికి పోయి తప్పు నాదేనని, అంజినప్పకు సంబంధం లేదని చెప్పి వచ్చింది. కోడలి పేరు ఎత్తలేదు. మూడు రోజులు పిల్లలకు అన్నం పెట్టింది, వినుత ఎదురైతే గోడను చూసింది. నాలుగో రోజు దూలం లేచింది. పెంకులు కప్పిన మర్నాడే మొదటి వాన. కొత్త పెంకుల మీద పడి, చూరు దాకా జారి, బయటే పోయింది. ఆ గదిలో ఇప్పుడు తెల్లటి సున్నం, కిటికీకి సన్నటి దోమల జాలీ. చేతన్ నిద్రపోతే వినడానికి ఏమీ ఉండదు. ఆ ఏమీ లేకపోవడం కోసమే వినుత అప్పుడప్పుడూ తలుపు దగ్గర నిలబడి చెవి పెడుతుంది. ఆశా సుమా మళ్ళీ ఒకే బెంచీకి వచ్చారు, అడిగితే ఎవరూ ఏమీ చెప్పరు. అంజినప్ప ఈ గడప తొక్కలేదు.

నెల తర్వాత కొత్త పురుగులు వచ్చాయి. ఆకు గంప ఎత్తుకుని లోపలికి పోబోతుంటే మునిలక్ష్మమ్మ తలుపుకు అడ్డంగా నిలబడి చెయ్యి చాపింది. వినుతకు ముందు అర్థం కాలేదు. అత్త ఆమె గంప దించి, రెండు అరచేతులూ తీసుకుని, ముక్కు దాకా తెచ్చుకుని వాసన చూసింది. తర్వాత తప్పుకుని దారి ఇచ్చింది. ఆ రోజు నుంచి ప్రతి మేతకూ అంతే, రోజుకు మూడుసార్లు. వినుత ఇస్కూలు పిల్లలాగా చేతులు చాపుతుంది.

ఇదంతా చెప్పాక, ఈ కథ రాసుకోవడానికి వచ్చిన మనిషిని వీధి మలుపు దాకా సాగనంపుతూ ఆమె నవ్వింది, నవ్వి మళ్ళీ అరచేతుల వైపు చూసుకుంది.

"మళ్ళా వచ్చేటప్పుడు సెంటు గింటు పూసుకోని రావద్దమ్మా. పురుగులు నాలుగో జ్వరం దాటి లేచిండాయి. మీరు పూసుకోని వచ్చినా, మా అత్త ముందు నా చేతులే చూస్తాది."