రేపల్లెకు అమ్మిన మ్యాచ్

గెలిచే మ్యాచ్‌ను కావాలని ఓడిపోవడమే కాదు, ఆ ఓటమిని ఎదుటి జట్టుకు ఉపకారంలా అమ్మి, బదులుగా అరడజను కొత్త బంతులు కూడా పుచ్చుకున్న కెప్టెన్ని నేను. తెనాలి, బాపట్ల, రేపల్లెల మధ్య బాల్ బ్యాడ్మింటన్ ఆడిన ఆడపిల్లల్లో ఇంతటి బేరం చేసినవాళ్లు ఇంకొకరుంటే చూపించండి, దండ వేస్తాను.

తెనాలిలో మాది గిన్నెల కొట్టు. అటు చెప్పుల కొట్టు, ఇటు గాజుల కొట్టు, ఎదురుగా పచారీ కొట్టు. ఒకదాని మీద వదిలేసి ఇంకోదాని మీద లాగడం మా వీధి పిల్లలకు ఎక్కాల కంటే ముందే వస్తుంది. గరిటె ఊరికే ఇచ్చి కుక్కరు అంటగడతాం. కొన్నవాళ్లు గరిటెను చూసుకుని మురిసిపోతూ వెళతారు. ఆ విద్యను ఆటలోకి తెచ్చింది మాత్రం నేనొక్కదాన్నే.

ఆట గురించి రెండు ముక్కలు. జట్టుకు అయిదుగురు, పసుప్పచ్చని ఉన్ని బంతి, సెట్టుకు ముప్పై అయిదు పాయింట్లు. కోర్టు మధ్యలో నిలబడే సెంటర్ మీదే భారమంతా; వచ్చే బంతుల్లో సగం ఆమెకే. మా సెంటర్ నాకంటే మూడేళ్లు చిన్నది. భట్టిప్రోలు అవతల పల్లె నుంచి ఆటో ఎక్కి, బస్సు మారి తెనాలి కాలేజీకి వచ్చేది. ఆదివారాలు చర్చి అవగానే అటునుంచటే ప్రాక్టీసుకు వచ్చేది. వాళ్లమ్మ వరి చేలల్లో కూలికి వెళుతుంది. ఈ పిల్లకు ఉమ్మడి జిల్లా జట్టులో చోటు కావాలి. అందులో ఆడిన సర్టిఫికెట్ ఉంటే క్రీడాకారుల కోటాలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ ఉద్యోగానికి పెట్టిన వయసు లెక్క ప్రకారం ఆ ఏడు దాటితే మరి వీల్లేదు. జట్టును ఎంపిక చేసే పెద్దాయన బాపట్ల టోర్నమెంటుకు వస్తున్నాడని తెలియగానే ఆమె రాకెట్‌కు కొత్త గట్టింగ్ తీగలు వేయించుకుంది. ఆ సంగతి నాతో పదిసార్లు చెప్పింది.

బాపట్లలో జట్లను రెండు గుంపులుగా, అంటే రెండు పూల్స్‌గా విడగొట్టారు. మా పూల్‌లో మేమూ రేపల్లె వాళ్లూ అందరినీ గెలిచాం. ఇక మిగిలింది మా ఇద్దరి మ్యాచే. గెలిచినవాళ్లు పూల్‌లో మొదటి స్థానం తీసుకుని, సెమీస్‌లో అవతలి పూల్ రెండో స్థానం వాళ్లతో ఆడాలి. ఓడినవాళ్లు అక్కడి మొదటివాళ్లతో ఆడాలి. అందుకే అందరూ గెలవాలనే చూస్తారు. కానీ ఆ పొద్దున అవతలి కోర్టులో ఒక విచిత్రం జరిగింది. అందరూ భయపడే బాపట్ల జట్టు, ఇద్దరు ప్లేయర్లు వేళకు రాక, ఒక మ్యాచ్ పోగొట్టుకుని రెండో స్థానానికి పడిపోయింది. మొదటి స్థానానికి చీరాల వైపు నుంచి వచ్చిన చిన్నపిల్లల జట్టు ఎక్కింది. అంటే మేం గెలిస్తే బాపట్ల పులులు, ఓడితే చీరాల పిల్లకాయలు. ఈ సంగతి నేను చూశాను. టిఫిన్‌కి వెళ్లిన రేపల్లె కెప్టెన్ చూడలేదు. ఆమె ఇడ్లీ తిని చెయ్యి తుడుచుకుంటూ వస్తుంటే ఎదురెళ్లాను.

"అక్కా, మా పిల్లలు నీరసంగా ఉన్నారు. ఈ మ్యాచ్ నీకు వదిలేద్దామనుకుంటున్నా. పూల్‌లో ఫస్ట్ నువ్వే."

"వదిలేస్తావా? తెనాలోళ్లు ఊరికే ఏదీ వదలరే."

"ఊరికే ఎందుకు వదులుతాను? మా బంతులకి ఉన్ని లేచిపోయింది. ఓ డజను కొత్తవి ఇప్పించు."

"డజనా! ఓడిపోయేది నువ్వు, బొక్క నాకా? నాలుగు."

"ఎనిమిది."

"ఆరు. ఇష్టమైతే ఓడిపో, లేకపోతే గెలుచుకో."

ఆరు బంతులూ నా సంచీలో పడ్డాయి. నాకు కావలసిన ఓటమిని నేనే అమ్మాను, పైగా ఆమెతో గీచిగీచి బేరమాడాను. మా వీధిలో చెబితే సన్మానం చేసేవాళ్లు.

జట్టును చెట్టు నీడలో కూర్చోబెట్టి విషయం చెప్పాను. ముగ్గురు పొట్ట పట్టుకుని నవ్వారు. సెంటర్ నవ్వలేదు.

"సగం బంతులు నీకే వస్తాయి. నువ్వు పోగొడితేనే నమ్ముతారు," అన్నాను.

"నాకు ఓడిపోవడం రాదక్కా."

"రాకపోతే నేర్చుకో. ఓటమి నుంచి నేర్చుకోవాలని మీ సారు చెప్పలా?"

మళ్లీ నవ్వులు.

"ఆ సెలక్షన్ ఆయన వస్తేనో?"

"ఆయన సెమీస్‌కి వస్తాడు, రేపు. ఈ మ్యాచ్‌కి ఎవరొస్తారే, కాకులు తప్ప."

మొదటి సెట్టులో పది పాయింట్లన్నా కాకముందే ఆయన వచ్చాడు. తెల్ల చొక్కా, చేతిలో నోటుబుక్కు. ఎవరో కుర్చీ తెచ్చి షామియానా కింద వేశారు. సెంటర్ ఆయన్ను చూసింది. బంతి కోసం వచ్చినట్టుగా నా పక్కకు వచ్చింది.

"అక్కా, వచ్చాడు. ఆడనా?"

'ఆడు' అంటే సరిపోయేది. మాట తప్పావని రేపల్లె కెప్టెన్ నాలుగు తిట్లు తిట్టేది, బంతులు తిరిగిచ్చేదాన్ని, సెమీస్‌లో బాపట్లతో ఆడేవాళ్లం. నేను తల అడ్డంగా ఊపాను.

"రేపు కూడా ఉంటాడులే. సర్వీస్ చెయ్యి."

రేపు ఉంటాడో లేడో నాకు తెలియదు.

ఆమె త్వరగానే నేర్చుకుంది. మొదట నెట్‌కు కొట్టింది. తరవాత లైను బయటికి. ఆ తరవాత రాకెట్ లేపాల్సిన చోట అర క్షణం ఆలస్యంగా లేపడం కూడా పట్టుబడింది. చుట్టూ ఉన్న కుర్రాళ్లు మొదలుపెట్టారు.

"ఏమ్మాయ్, అది రాకెట్టా, పిండి జల్లెడా?"

"సెంటర్‌లో దిష్టిబొమ్మని పెట్టారేంట్రా!"

అందరూ నవ్వారు. మాకు నిజంగానే ఆట రావడం లేదని నమ్మించాలి గనక నేనూ విసుగు నటించి, "చూసి ఆడవే!" అని అందరికీ వినపడేలా ఆమె మీద అరిచాను. ఆమె నా వంక చూసి, "సారీ అక్కా," అంది. అది నటన కాదు.

ఇంకొకటి కూడా రాయాలి. ఆమెను పోగొట్టమన్న నేను నా వైపు వచ్చిన బంతుల్ని మాత్రం శుభ్రంగా తీశాను. ఆయన చూస్తున్నాడని తెలిశాక ఇంకా శుభ్రంగా తీశాను. రెండో సెట్టు సగంలో ఆయన ఏదో రాసుకుని, పెన్ను క్యాప్ పెట్టుకుని లేచి వెళ్లిపోయాడు. రెండు సెట్లూ అనుకున్నట్టే ఓడిపోయాం.

మర్నాడు సెమీస్‌కి ఆయన రాలేదు. వేరే ఊళ్లో ఇంకో టోర్నమెంటు ఉందట. టాస్ దగ్గర చీరాల కెప్టెన్, ఇంటర్ చదివే పిల్ల, నాకు షేక్‌హ్యాండ్ ఇస్తూ అంది:

"నిన్న మీ మ్యాచ్ చూశామక్కా. చూశాక హాయిగా నిద్రపట్టింది."

మమ్మల్ని చూసి బెదరాల్సిన పిల్లలు నిన్నటి మా ఆట చూసి ధైర్యం తెచ్చుకున్నారు. మా ఓటమి నుంచి ఎవరైనా నేర్చుకున్నారంటే వాళ్లే. ప్రతి బంతికీ ఎగిరి పడ్డారు. మా సెంటర్ ఆ రోజు ఆడినట్టు నేను ఎవరినీ చూడలేదు. మోచెయ్యి చీరుకుపోతే మట్టి అద్దుకుని ఆడింది. ముందు రోజు జల్లెడ అన్న కుర్రాడే చప్పట్లు కొట్టాడు. షామియానా కింద ఆ కుర్చీలో ఎవరిదో క్యారేజీ పెట్టి ఉంది.

మూడో సెట్టు ముప్పై మూడు దగ్గర సమానమైంది. ఆఖరి రెండు బంతులూ నాకే వచ్చాయి. ఒకటి నెట్‌కు కొట్టాను. రెండోది పైకి లేపితే సముద్రం గాలికి లైను దాటి పడింది. నిన్న ఆమెకు నేర్పింది ఇవాళ నాకు అడగకుండానే వచ్చేసింది. పక్క కోర్టులో రేపల్లె వాళ్లు బాపట్లను చిత్తు చేశారు. వాళ్ల కెప్టెన్ చెమట తుడుచుకుంటూ నా ముందు నిలబడి, "బంతులు ఇంకో ఆరు కావాలా అమ్మా?" అంది.

వారానికి జిల్లా జట్టు జాబితా వాట్సాప్ గ్రూపులో వచ్చింది. ఆఖర్న నా పేరుంది. ఆమె పేరు లేదు. దాని కింద అందరికంటే ముందు ఆమే రాసింది: కంగ్రాట్స్ అక్కా. పక్కన ఒక పువ్వు బొమ్మ.

రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు నా బుర్రకు ఇంకో బేరం తట్టింది. నా చోటు ఆమెకు ఇప్పించేస్తే సరి! తెనాలిలో రైలెక్కి, వేమూరు, భట్టిప్రోలు దాటి రేపల్లె వెళ్లాను. దారి పొడుగునా మాటలు వల్లె వేసుకున్నాను. జట్టును ఎంపిక చేసే ఆ పెద్దాయన ఇల్లు అక్కడే. మర్యాదస్తుడు. కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాడు.

"ఆ అమ్మాయి ఆట అది కాదండి. ఆ రోజు నేనే ఓడిపొమ్మన్నాను. నన్ను తీసేసి ఆమెను పెట్టుకోండి సార్."

"ఓడిపొమ్మన్నావా? ఎందుకమ్మా?"

అంతా చెప్పాను. బంతుల సంగతి కూడా చెప్పాను. నిజం చెప్పినందుకు కాస్త తగ్గింపు దొరుకుతుందనే అనుకున్నాను. ఆయన లోపలికి వెళ్లి నోటుబుక్కు తెచ్చి, పేజీ తిప్పి నాకు చూపించాడు. ఆమె పేరు చుట్టూ సున్నా చుట్టి ఉంది. పక్కన 'మళ్లీ చూడాలి' అని రాసి ఉంది.

"చేతిలో ఆటుంది, ఆ రోజు ఒంట్లో బాలేదేమో అనుకున్నా. జాబితాలో ఇంకో చోటు ఖాళీగా ఉంచి, ఎల్లుండి పిలిపిద్దామనుకున్నా. కావాలని ఓడిపోయిన మనిషిని జట్టులో పెట్టుకుంటే, రేపు నిజంగా ఓడిపోయినప్పుడు నేనేమనుకోవాలమ్మా?"

"చెప్పింది నేనండి. ఆమె తప్పేం లేదండి."

"చేసింది ఆమె కదా."

నా ఎదుటే రెండు పేర్లూ కొట్టేశాడు. ముందు ఆమెది, తరవాత నాది. మజ్జిగ తాగి వెళ్లమన్నాడు.

వచ్చేటప్పుడు భట్టిప్రోలులో దిగి మా సెంటర్ వాళ్లింటికి వెళ్లాను. నన్ను గుమ్మం దగ్గర నిలబెట్టే అంతా విన్నది.

"మళ్లీ చూడాలని రాసుకున్నాడా?"

"రాసుకున్నాడు."

"నువ్వు వెళ్లకముందే?"

"ముందే."

లోపల వాళ్లమ్మ పొయ్యి మీద ఏదో కలుపుతోంది.

"బాపట్లలో నేనడిగితే తల ఊపావు. ఇవాళ నన్ను అడగను కూడా అడగలేదక్కా. మొన్న నన్ను పెట్టి ఓటమి అమ్మావు, ఇవాళ నన్ను పెట్టి నీ తప్పు అమ్ముకోబోయావు."

వాళ్లమ్మ మంచినీళ్లు పట్టుకొచ్చింది. "మా పిల్లని సొంత చెల్లెల్లాగా చూస్తన్నావంట, చల్లగుండమ్మా," అంది. ఆ నీళ్లు తాగాను. తాగకపోతే ఏమైందని అడుగుతుందని భయం.

ఆమె మళ్లీ కోర్టులోకి రాలేదు. ఆ ఉద్యోగానికి వయసు దాటిపోయింది. ఇప్పుడు ఒక బట్టల షాపులో పొద్దుటి నుంచి రాత్రి దాకా నిలబడి చీరలు విప్పి చూపిస్తుంది. కూర్చోనివ్వరట. నేను సాయంత్రాలు పిల్లలకు ఆట నేర్పుతున్నాను. ఓడిపోయి ఏడ్చే పిల్లకు చెప్పడానికి నా దగ్గర మంచి మాటలు చాలా ఉన్నాయి. అవన్నీ నేను నేర్చుకున్నది ఆమె ఓటమిలోంచే.

లెక్క ఇదీ. నాకు పోయింది ఒక సెమీఫైనల్, నేను ఎలాగూ ఆడాల్సిన అవసరం లేని ఒక జిల్లా జట్టు. ఆమెకు పోయింది ఉద్యోగానికి ఉన్న ఒకే ఒక్క దారి, నా మీద ఉన్న నమ్మకం, ఆట. ఈ రెండూ సమానమని మా వీధిలో ఎంత గడుసు కొట్టువాడూ అనలేడు. కట్టాల్సింది నేను. కట్టింది ఆమె.