గిన్నెల దుకాణం సుల్తాన్

అట్ట మడతపెట్టి, గుర్రాల్ని డబ్బాలో సర్దేస్తే ఆట అయిపోయినట్టేనని లోకంలో అందరికీ తెలుసు. నాందేడ్‌లో స్టీలు గిన్నెల దుకాణం నడిపే రాధాకిషన్‌కు మాత్రం తెలియదు. ఆయనకున్న తిక్కల్లా అదొక్కటే. అయితే అది వారానికి ఏడు రోజులూ ఉండేది.

పుణెలో ఉద్యోగం చేసే మేనల్లుడు వైభవ్ తెచ్చిచ్చిన ఆట అది. అట్ట మీద వందల ఏళ్ల కిందటి దక్కన్. అందులో చెక్క గుర్రాలు, చెక్క ఏనుగులు, కోటలు. ప్రతి ఎత్తుకూ ముందు ఇద్దరు పక్కకు పోయి గుసగుసలాడి పొత్తు కుదుర్చుకోవాలి. లేదంటే కుదిరినట్టు నటించి వెన్నుపోటు పొడవాలి. ఆదివారం మధ్యాహ్నాలు దుకాణం మీది గదిలో ముగ్గురు చిన్ననాటి దోస్తులు కూర్చునేవారు. ఒక్కొక్కరు ఒక్కో రాజ్యానికి సుల్తాన్. రాధాకిషన్ ఎప్పుడూ బీజాపూరే. జిరాక్సు దుకాణం భోజన్న గోల్కొండ. చీరలకు జాకెట్టు ముక్కలమ్మే మ్యాచింగ్ సెంటర్ అంబదాస్ బీదర్. అహ్మద్‌నగర్‌కు మనిషి దొరకలేదు. దాన్ని ముగ్గురూ పంచుకుతినేవారు.

సాయంత్రం చెప్పులేసుకోగానే భోజన్న, అంబదాస్ మామూలు మనుషులైపోయేవారు. రాధాకిషన్ మళ్ళీ ఆదివారం దాకా సుల్తానే. పొత్తు పొత్తే, యుద్ధం యుద్ధమే.

భోజన్నతో పొత్తున్న వారంలో ఒకరోజు, స్టేషన్ ముందు భోజన్న ఆటోవాడితో కిరాయి దగ్గర వాదులాడుతున్నాడు. ఎక్కడినుంచి ఊడిపడ్డాడో, రాధాకిషన్ స్కూటర్ ఆపి మధ్యలో దూరాడు.

"గోల్కొండా కూ హాత్ లగాయే తో బీజాపూర్ చుప్ బైఠ్తా క్యా?"

గోల్కొండ మీద చెయ్యేస్తే బీజాపూర్ ఊరుకుంటుందా అనేసరికి ఆటోవాడు బెదిరిపోయాడు. "బీజాపూర్ నక్కో సాబ్! వజీరాబాద్ తక్ ఛోడ్తూఁ" అని, బీజాపూర్ అంత దూరం తన బండి రాదని, వజీరాబాద్ దాకా అయితే దింపుతానని దండం పెట్టి, భోజన్న చెప్పిన కిరాయికే ఎక్కించుకుపోయాడు. దౌత్యం ఫలించిందని రాధాకిషన్ ఆ వారమంతా అందరికీ చెప్పుకున్నాడు.

అంబదాస్‌తో మాత్రం ఎప్పుడూ యుద్ధమే. పెళ్లి భోజనాల్లో అంబదాస్ పక్క కుర్చీ ఒక్కటే ఖాళీగా ఉంటే, సరిహద్దు దాటొద్దని రాధాకిషన్ నిలబడే తిన్నాడు. అంబదాస్ భార్య విద్యావతి ఒకసారి కూరగాయల కత్తి కొందామని రాధాకిషన్ దుకాణానికి పోయింది.

"యుద్ధం నడుస్తున్నది చెల్లె. శత్రువు ఇంటికి ఆయుధం ఎట్ల అమ్మాలె?"

"టమాటలు కోసుకునేటందుకు అన్నా!"

"ముందుగాల అందరు టమాటలే అంటరు. గరిటె కావాల్నా? ఇస్త."

ఆమె గరిటె పట్టుకుని ఇంటికొచ్చింది. "మీ దోస్తుకు దిమాక్ ఖరాబైంది" అని మొగుడి మీద విసుక్కుంది. అంబదాస్‌కు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. అంబదాస్‌కూ ఒక పట్టుదల ఉంది. ఎవరి సాయమూ పుచ్చుకోడు. కుండపోత వానలో కూడా పక్కవాడి గొడుగు కిందికి రాడు. ఎవరేమిస్తానన్నా ఆయన నోట ఒకటే మాట: "ఎవ్వల ఎహసాన్ నాకద్దు."

సరిగ్గా పెళ్లిళ్ల సీజన్ మొదలయ్యేటప్పుడు ఆయన మెట్ల మీద జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ప్లాస్టర్ వేసి మంచం దిగొద్దన్నారు. ఏడాది బతుకంతా ఆ సీజన్ మీదే. విద్యావతికి ఆయన్ను చూసుకోవడంతోనే సరిపోయింది. దుకాణం షట్టర్ పడింది.

ముఖేడ్ నుంచి తమ్ముడు రామదాస్ వస్తానని ఫోన్ చేశాడు. వద్దన్నాడు. భోజన్న తాను కూర్చుంటానన్నాడు. వద్దన్నాడు. "దుకాణం మూసుకుంటగని, ఎవ్వల ఎహసాన్ నాకద్దు" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. గల్లీలో బ్యాండు మోగినప్పుడల్లా, ఆ పెళ్లివాళ్లకు జాకెట్టు ముక్కలు ఎవడమ్మాడో అని లోపల్లోపల ఉడికిపోయేవాడు.

ఆదివారం రాధాకిషన్ వచ్చాడు. చంకలో ఆట డబ్బా, వెనక భోజన్న.

"ఆట సగంల ఆగింది" అన్నాడు. పలకరింపు అంతే.

భోజన్న స్టూలు మీద అట్ట పరిచి కిందటి వారం ఉన్నట్టే అన్నీ పేర్చాడు. బీదర్ చేతిలో కంధార్ కోట ఒక్కటే మిగిలింది. చుట్టూ బీజాపూర్ ఏనుగులు. మంచంలో పడ్డవాణ్ని కూడా ఇడిసిపెట్టడు వీడు, అనుకున్నాడు అంబదాస్.

"కానియ్, తీస్కో" అన్నాడు.

రాధాకిషన్ అట్ట మీదికి వంగాడు. తర్వాత తన ఏనుగుల్ని ఒక్కొక్కటిగా పక్కకు పడుకోబెట్టాడు.

"బీజాపూర్ లొంగిపోయింది."

అంబదాస్ మోచేతుల మీద లేచాడు. "గెలుస్తున్నవ్ గదరా!"

"ఏనుగులు అలసిపోయినయ్."

"చెక్క ఏనుగులురా అవి!"

"ఇగ నేను నీ సామంతున్ని. సుల్తాన్‌కు ఆపద అస్తె సామంతుడు ఫౌజు పట్టుకొని రావాలె. రూలు. ఉన్నదా లేదా, భోజన్నా?"

భోజన్న గొంతు సవరించుకున్నాడు. "ఉన్నది. పెద్ద అక్షరాలల్ల ఉన్నది."

"దుకాణం తాళాలియ్యి."

"ఎవ్వల ఎహసాన్..."

"ఎహసాన్ దోస్తులు జేస్తరు. మనం దుష్మన్లం. ఓడిపోయినోడు జేసేది చాకిరి. చెయ్యనియ్యకుంటె జనం నన్ను ధోకాబాజ్ అంటరు."

 అంబదాస్ దిండు కింద చెయ్యి పెట్టి తాళాలు తీసిచ్చాడు.

గిన్నెల దుకాణం భార్య గంగుబాయికి అప్పజెప్పి, రాధాకిషన్ మర్నాటి నుంచి జాకెట్టు ముక్కలమ్మాడు. సాయంత్రాలు భోజన్న వచ్చి వార్తలు చెప్పేవాడు. రాధాకిషన్ గుడ్డను కూడా గిన్నెలాగే వేలి కణుపుతో కొట్టి చూపిస్తున్నాడట. చిలకపచ్చ చీర తెచ్చినామెకు నాచురంగు ముక్క ఇచ్చి, "తీస్కపో అక్కా, సొట్ట పడదు, గ్యారంటీ" అన్నాడట. ఆమె నవ్వి, రంగు తానే ఏరుకుని, మర్నాడు ఇంకో నలుగుర్ని వెంటబెట్టుకొచ్చిందట. ఈ సుల్తాన్‌ను చూడ్డానికే జనం వస్తున్నారట. అంబదాస్ నవ్వితే కాలు నొప్పి పుట్టేది. అయినా భోజన్న కోసం ఎదురుచూసేవాడు.

ప్లాస్టర్ తీసేనాటికి సీజన్ గట్టెక్కింది. అంబదాస్ కర్ర సాయంతో మళ్ళీ ఆదివారం గదికి చేరాడు. అట్ట మీద బీజాపూర్ ఏనుగులు అట్లాగే పక్కకు పడుకుని ఉన్నాయి. కొత్తగా వచ్చిన పెత్తనం ఒకసారి రుచి చూద్దామనిపించింది.

"ఏమయ్య సామంతా, రెండు ఏనుగులు ఇటు పంపు."

భోజన్న ఇక ఆపుకోలేకపోయాడు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. "గీ ఆటల సామంతుడనే ముచ్చటనే లేదురా!"

అంబదాస్ రాధాకిషన్ వైపు తిరిగాడు. పొత్తుకూ రూలుకూ ప్రాణమిచ్చే మనిషి, లేని రూలు పుట్టించాడా?

"అంటే, నాకు ఎహసాన్ జేసినవా?"

రాధాకిషన్ చెవులు ఎర్రబడ్డాయి. "గా రూలు రద్దు" అని, పడుకున్న ఏనుగుల్ని గబగబా లేపి, కంధార్ కోట లాగేసుకున్నాడు. "బీదర్ ఖతం. ఆట అయిపోయింది. ఇంటికి పో."

అంబదాస్‌కు కోపం రావాలి. ఎంత వెతికినా రాలేదు. కర్ర అందుకుని లేచాడు.

"పా, చాయ్ తాగుదాం."

"ఎవ్వల పైసలు?" అన్నాడు భోజన్న.

"వీనియి" అన్నాడు అంబదాస్, రాధాకిషన్‌ను చూపిస్తూ. అరవై ఏళ్లలో ఆ మాట ఆయన నోట రావడం అదే మొదలు.

రాధాకిషన్ చెప్పులేసుకున్నాడు. ఓడిపోయిన సుల్తాన్‌కు గెలిచినవాడు చాయ్ పోయించాలని ఆటలో ఒక రూలు ఉందన్నాడు.

ఉందా అని ఈసారి భోజన్నను ఎవరూ అడగలేదు.