మా ఆయన పేరూ, నా మొదటి ఓటూ

ఆ రోజుల్లో మొగుడి పేరు పైకి చెబితే ఆయన ఆయుష్షు తగ్గుతుందనేవారు. నేను చదివింది రెండో తరగతి. ఎవరేం చెబితే అది నమ్మేశాను. (ఇప్పుడు నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. తల వంచుకుని నవ్వుతోంది, నాకు కనబడుతూనే ఉంది.) ఈ సంగతంతా మా మనవరాలి వల్ల గుర్తొచ్చింది. ఇక్కడ అమెరికాలో, క్యారీ అనే ఊళ్ళో ఎనిమిదో క్లాసు అది. ఓ సాయంత్రం బడి నుంచి రాగానే నా మాటలు రికార్డు చేస్తానని ఫోన్ నా ముందు పెట్టింది. "అమ్మమ్మా, మాకు హిస్టరీలో విమెన్స్ సఫ్రేజ్ చెబుతున్నారు. లేడీస్‌కి ఇక్కడ వోట్ లేదు, ఫైట్ చేశారు. జైల్లో పెడితే ఫుడ్ తినలేదు. నీ ఫస్ట్ వోట్ స్టోరీ చెప్పు, క్లాస్‌లో చెప్పాలి" అంది. "అన్నం మానేస్తే ఓటిచ్చారటే? మీ తాతయ్య మీద అలిగి నేనెన్నిసార్లు మానేశాను! ఒక్క చీరైనా రాలేదు" అన్నాను. తర్వాత చెప్పక తప్పలేదు.

నాకు కొత్తగా ఓటొచ్చిన ఏడు మా వీధిలో బట్టలు కుట్టే అక్క పంచాయతీ వార్డుకు నిలబడింది. గెలిస్తే వీధికి కుళాయి వేయిస్తానంది. చెరువు నుంచి బిందెలు మోసి మోసి నా నడుం విరిగిపోయేది, అందుకని ఆ ఓటు మీద నాకు ప్రాణం. ముద్ర ఎక్కడ వేయాలో పీట మీద కుంకుమతో వేసి మరీ నేర్చుకున్నాను. తీరా బడిలో లైను కట్టి లోపలికి వెళితే, ఓట్లు రాసుకునే పంతులు "ఈ పేరుతో ముగ్గురున్నారమ్మా, మీ ఆయన పేరేంటి?" అన్నాడు. "వేలి మీద కొండెత్తలేదాండీ..." అన్నాను. "కృష్ణా?" "ఆయన కాదండీ, ఆ కొండ." "తిరుపతయ్యా?" అన్నాడు పాపం. పక్కన కూర్చున్న పార్టీల వాళ్ళిద్దరికీ మా ఆయన బాగా తెలుసు. "మేం అందించకూడదు వదినా, నువ్వే చెప్పాలి, రూలు" అంటూ ఒకరినొకరు గిల్లుకుంటున్నారు. వెనక ఉన్న మా తోడికోడల్ని అడిగారు. బావగారి పేరు అది మాత్రం ఎలా చెబుతుంది? చెంగు నోట్లో కుక్కుకుని గోడవైపు తిరిగింది. "చెబితే చెప్పు, లేకపోతే పక్కకు జరుగు తల్లీ" అన్నాడు పంతులు. జరిగాను. అలా జరిగి జరిగి బయటికే వచ్చేశాను.

గేటు దగ్గర సైకిలు పట్టుకుని ఆయన. "వేశావా?" "మీ పేరడిగారండీ." "చెప్పకపోయావా?" "అమ్మో!" ఆయన నవ్వి నవ్వి సైకిలు వదిలేశారు. అక్క ఓడిపోయింది. నా ఒక్క ఓటుతో గెలిచేదని కాదు గానీ, బిందె నడుం మీద పెట్టినప్పుడల్లా ఆ పంతులు మొహమే కళ్ళ ముందుకొచ్చేది.

అంతా విని మనవరాలు నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "ఆ లేడీస్‌ని పోలీస్ ఆపారు. నిన్ను ఎవరు ఆపారు అమ్మమ్మా?" అంది.

దానికి చెప్పనిది ఇంకొకటుంది. మూడేళ్ళ కిందట ఇక్కడి ఆసుపత్రిలో ఆయన మంచాన పడి ఉంటే, నర్సులు నోరు తిరక్కపోయినా ఆయన్ని పేరు పెట్టే పిలిచేవారు. ఒకరోజు నా చెయ్యి పట్టుకుని "ఊరందరూ పిలుస్తున్నారు, నువ్వూ ఒక్కసారి పిలవవే, విందాం" అన్నారు. "ఊరుకోండి, ఈ స్థితిలో!" అన్నాను. ఆయుష్షు భయం. పిలవలేదు. పిలవకపోయినా తగ్గిపోయింది.

మొన్న సిటిజన్‌షిప్ వచ్చాక ఇక్కడ నా మొదటి ఓటు. అమ్మాయి కార్ డ్రైవ్ చేస్తుంటే వెనక సీట్లో దారంతా ఆయన పేరే పెదాల మీద అనుకుంటూ వెళ్ళాను. టేబుల్ దగ్గర తెల్లజుట్టావిడ నా పేరడిగింది, అడ్రస్ అడిగింది, కార్డు చూసింది, కాగితం చేతిలో పెట్టింది. అంతే. "ఇంకేం అడగరా?" అన్నాను అమ్మాయితో. "అంతేనమ్మా, పద" అంది. నేను కదలలేదు. ఆవిడ వైపు వంగి, "మా ఆయన పేరు గోవర్ధనమండీ" అన్నాను, గట్టిగానే. ఆవిడకు ఒక్క ముక్కా అర్థం కాలేదు, నవ్వి థాంక్యూ అంది. అలవాటుకొద్దీ చెంగు నోటి దాకా వెళ్ళింది. ఇంక ఎవరి ఆయుష్షు కోసమని, దించేశాను.