అటు దిక్కు చేరిందా?

నిన్న పొద్దున సూరత్‌లో, ఆల్థాన్ సిగ్నల్ దగ్గర నా స్కూటర్ పక్కన ఒక టెంపో వచ్చి ఆగింది. నిండా గుడ్డ తానులు. మగ్గం దిగి ఇంకా రంగు చూడని గుడ్డకు ఒక వాసన ఉంటుంది. గంజి, యంత్రాల నూనె, వేడెక్కిన దారం కలిసిన వాసన అది. ఈ ఊళ్లోనే పుట్టినదాన్ని, ఆ వాసనలోనే పెరిగాను. మా నాన్న కూడా మగ్గాల మీదే పనిచేశాడు. అయినా ఆ వాసన తగలగానే నాకు గుర్తొచ్చేది నాన్న కాదు, పోశెట్టి కాక.

కాక మాకు చుట్టం కాదు. నవాగామ్ బస్తీలో మా గదికి ఆనుకుని ఉన్న గది ఆయనది. జగిత్యాల దిక్కు నుంచి నాన్నా ఆయనా ఒకే రైల్లో వచ్చారట. ఆయన పని గుడ్డ చూడటం. కింద ట్యూబ్‌లైట్లు వెలిగే అద్దపు బల్ల మీదుగా గుడ్డ జారిపోతుంటే, తెగిన పడుగు పోగును, నూనె మరకను, చీమ కన్నంత చిల్లును పట్టుకోవాలి. పట్టుకున్న ప్రతిచోటా గుడ్డ అంచుకు ఒక ఎర్ర దారం ముక్క కట్టేవాడు. దారం ఉన్న తాను మంచి తానుల్లో కలవకూడదు. ఆయన చూసి పంపిన తానును మళ్లీ ఎవరూ విప్పి చూసేవారు కాదని నాన్న గొప్పగా చెప్పేవాడు.

చదువు ముగించి అడాజన్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరాను. ఆరు నెలలకు నా చేతికి వచ్చిన మొదటి సొంత పని, కాక పనిచేసే మిల్లుదే. గుడ్డలో తప్పు కనబడగానే ఫోన్‌తో ఫోటో తీయాలి. ఆ ఫోటో యాప్ నుంచి నేరుగా మిల్లు వెబ్‌సైట్‌కు వెళ్లాలి. ఆఫీసులో మిల్లు యజమాని సేఠ్ దాన్ని తెర మీద చూసి ఆ తానును పక్కన పెట్టిస్తాడు. ఇక దారాలు కట్టే అవసరం లేదని సేఠ్ అందరికీ చెప్పేశాడు.

యాప్ చూపించడానికి వెళ్లిన రోజు కాక బల్ల దగ్గర నిలబడి ఒక మరకను ఫోటో తీశాడు. తెర మీద పచ్చ టిక్కు వచ్చింది. ఆయన దాన్ని వేలితో చూపించాడు.

“పోయినట్టు సూపెడుతున్నది, సరే. అటు దిక్కు చేరిందా బిడ్డా?”

“టిక్కు వచ్చిందంటే చేరినట్టే కాకా.”

“ఎవలు జెప్పిండ్రు? పంపినోళ్లు జెప్పిండ్రా, అందినోళ్లు జెప్పిండ్రా?”

నేను నవ్వేశాను. మగ్గాల షెడ్డులో మనిషికి యాప్ సంగతి ఏం తెలుస్తుందనుకున్నాను. ఇప్పటికీ ఆ నవ్వు తలచుకుంటే సిగ్గేస్తుంది. ఎందుకంటే ఆ టిక్కు నేను పెట్టినదే, ఫోటో బయల్దేరగానే వచ్చేలా పెట్టినది. ఆ రేకుల షెడ్డులో సిగ్నల్ వచ్చీ పోతూ ఉంటుంది. అటునుంచి జవాబు వచ్చేదాకా ఆగితే యాప్ మందకొడిగా కనిపిస్తుందని అలా చేశాను.

నెల తిరగకుండానే సేఠ్ మమ్మల్ని పిలిపించాడు. నేనూ, మా మేనేజర్ హితేష్ భాయ్ వెళ్లేసరికి ఆఫీసు గదిలో తానులు కుప్పగా పడి ఉన్నాయి. మంచి సరుకని పంపితే తప్పులున్నాయని కొన్నవాళ్లు తిప్పి పంపారు. వెబ్‌సైట్‌లో చూస్తే వాటి ఫోటోలు ఒక్కటీ లేవు. గుమ్మం పక్కన కాక చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఫోన్ వాడటం రానివాణ్ణి ఇంకా పనిలో ఎందుకు ఉంచాలని సేఠ్ అరుస్తున్నాడు.

“ఫోటో నికాలా సేఠ్. సబ్ కా నికాలా,” అన్నాడు కాక. ప్రతి తప్పుకూ ఫోటో తీశానని ఆయన హిందీలో చెబుతున్నాడు.

నేను వంగి ఒక తాను విప్పాను. అంచుకు ఎర్ర దారం. ఇంకొకటి విప్పాను. దానికీ ఉంది. వద్దన్నా ఆయన కట్టడం మానలేదు. దారాల కోసం చూడటం మాత్రం మిగతావాళ్లు మానేశారు. ప్రతి తప్పునూ ఆ కళ్లు చూశాయి. ఫోటోలను దారిలో పోగొట్టింది నా యాప్. సిగ్నల్ లేనప్పుడు ఎవరైనా యాప్ మూసేస్తే, వెళ్లని ఫోటో అక్కడే మాయమవుతుంది. టిక్కు మాత్రం అప్పటికే వచ్చేసి ఉంటుంది.

నా మొహం చూసి హితేష్ భాయ్‌కి విషయం అర్థమైంది. ఇప్పటికి వాడకంలో పొరపాటని సేఠ్‌కి చెప్పేసి, తర్వాతి వెర్షన్‌లో మనం సర్దేద్దామని గుజరాతీలో నా చెవిలో అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, ఈ మిల్లు చేజారిపోతుందని భయపడ్డాడు. నాకూ భయంగానే ఉంది. కానీ కాక అప్పుడు నావైపు చూడటం లేదు. నేను ఏదో ఒకటి చెబుతానన్న ఆశ కూడా ఆయన మొహంలో లేదు. అది చూసి తట్టుకోలేకపోయాను.

“తప్పు కాకది కాదు సేఠ్. నాది,” అన్నాను.

కాక దగ్గర ఫోన్ తీసుకుని షెడ్డులో సిగ్నల్ అందని మూలకు వెళ్లాను. సేఠ్ కూడా వచ్చాడు. ఆయన కళ్ల ముందే ఫోటో తీశాను. టిక్కు వచ్చింది. యాప్ మూసేశాను. తిరిగొచ్చి ఆయన కంప్యూటర్‌లో వెబ్‌సైట్ తెరిచాను. ఫోటో లేదు. సేఠ్ తనే ఇంకోసారి వెబ్‌సైట్ తెరిచి చూశాడు. చివరికి యాప్ సరిచేయడానికి పదిహేను రోజులు గడువిచ్చాడు. కాకను మాత్రం వెళ్లి తన బల్ల దగ్గర పని చూసుకోమన్నాడు.

బయట చాయ్ బండి దగ్గర కాక నాకు కృతజ్ఞతలు చెప్పలేదు. చాయ్ సాసర్‌లో పోసుకుంటూ, “తప్పు నీది గాదని నేననను. నీదే. అడిగితె నవ్వినవు గూడ. గని దాచిపెట్టలేదు,” అన్నాడు. ఇంకో గుక్క తాగి, “జర మంచిగ జెయ్యి ఈసారి,” అన్నాడు.

మంచిగానే చేశాను. అటువైపు నుంచి అందిందని జవాబు వచ్చేదాకా ఫోటో ఫోన్‌లోనే భద్రంగా ఉండేలా, ఆ జవాబు వచ్చాకే టిక్కు పడేలా మార్చాను. నాలుగు రోజులు కాక బల్ల పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఆయన నన్ను వదిలిపెట్టలేదు. ఫోటో వెళుతుండగా ఫోన్ ఆపేసేవాడు, సిగ్నల్ అందని మెట్ల కిందికి పోయేవాడు, యాప్ మూసి మళ్లీ తెరిచేవాడు. ప్రతిసారీ నన్ను ఆఫీసుకు పంపి, ఫోటో అందిందో లేదో చూసి రమ్మనేవాడు. నాలుగో రోజు సాయంత్రం ఫోన్ బల్ల మీద పెట్టి, “ఇగ నమ్ముత,” అన్నాడు.

తర్వాత రెండు కంపెనీలు మారాను. ఇప్పుడు నా కింద ఏడుగురు పనిచేస్తున్నారు. పని అయిపోయిందని ఎవరైనా అంటే, దాన్ని వాడేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లి ఒక రోజంతా కూర్చోబెడతాను. కొందరు విసుక్కుంటారు. విసుక్కోనీ అనుకుంటాను.

పోయినేడు కాక పని మానేసి కోరుట్లలో కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. రైలెక్కించడానికి వెళితే, తీసుకెళ్లడానికి వచ్చిన అల్లుడికి నన్ను చూపించాడు. ఏం చదివానో, ఎంత పెద్ద ఉద్యోగమో ఏమీ చెప్పలేదు.

“మా మిల్లుల ఫోటోల పని జేసింది గీ బిడ్డనే,” అన్నాడు. తర్వాత ఛాతీ కాస్త పైకెత్తి, “నేనే చూసి పాస్ జేసిన,” అన్నాడు.