ముద్ద కొలత

సుంకులమ్మ రోజూ తెల్లారేసరికి ఇంట్లో పదిమందికీ ఒకే కుండలో జొన్న సంగటి కెలుకుతుంది. భుజాలు గుంజుతున్నా, కుండ అడుగు కనపడేలోపు పదో ముద్ద లేవాలి. కొలత ఆమె అరచేతిలో ఉంది. కరువు పనిలో కంకర కొట్టే మొగుడికీ మరుదులకూ పెద్ద ముద్దలు, తట్టలు మోసే ఆడవాళ్లకు అంతకంటే చిన్నవి, ఇంటిపట్టున ఉండే ముసలి అత్తకు కోడిగుడ్డంత. ఆవేళ కుండ దించుతుంటే వసారాలో విసుర్రాయి గరగరమంది.

"ఏమత్తా, పొద్దున్నే ఏం చేస్తాండావు?"

"ఊరక కూసోని తినేదెట్ల సుంకులూ? నేనూ పని చేస్తాండా," అంది అత్త, రాయి ఆపకుండా.

సుంకులమ్మ చేయి తడుపుకుంటూ తొంగిచూసింది. రాయి చుట్టూ పిండి లేదు, లోపల గింజ లేదు.