ద్వారకానాథ్ విన్న లాభం

ద్వారకానాథ్‌ను ఎవరూ మెడపట్టి గెంటలేదు. అదే అతని ఒళ్ళు మండించేది. సిడ్నీలో నవ్వుతూ లేపారు, మకావులో వంగి నమస్కరించి లేపారు, క్రైస్ట్‌చర్చ్‌లో కాఫీ తాగనిచ్చి మరీ తలుపు దాకా దిగబెట్టారు. "సార్, మీ ఆట మా తాహతుకు మించింది" అన్నారు ఖాట్మండూలో. మోసం చేశాడా? లేదు. బ్లాక్‌జాక్ అనే పేకాట బల్ల మీద పడిన ముక్కలన్నీ మనసులో లెక్కపెట్టుకునేవాడు, అంతే. లెక్క వచ్చినవాణ్ణి ఏ కాసినో భరించదు.

విశాఖపట్నంలో రైల్వే గుమస్తా కొడుకు. పాత ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలు చేసే పని మీద 1998లో సిడ్నీ పక్కనున్న పారమట్టా వచ్చాడు. రెండువేల సంవత్సరం వచ్చింది, ఏ కంప్యూటరూ చతికిలబడలేదు. పని అంత శుభ్రంగా చేసినందుకు అతని కాంట్రాక్టు ముగించారు. ఆ ఉక్రోషంలోనే ఈ విద్య పట్టుకున్నాడు. ఏడాదిపాటు కాలికి బలపం కట్టుకుని దేశాలు తిరిగాడు. గెలిచిందంతా విమానం టిక్కెట్లకే సరిపోయింది.

భార్య రత్నకుమారికి విసుగెత్తిపోయింది. ఆ దగ్గర్లోనే క్వేకర్స్ హిల్‌లో ఉండే స్నేహితుడు ఆనందరావు తన ఆఫీసులో ఫోన్లెత్తే ఉద్యోగం ఒకటి ఇతని కోసం వచ్చే నెల మొదటి సోమవారం వరకూ ఆపి ఉంచాడు. చివరికి మొగుడూ పెళ్ళాలు ఒక ఒప్పందానికొచ్చారు. ఆస్ట్రేలియా ఉత్తరపు కొసన, ఇతని మొహం తెలియని డార్విన్‌లో ఒక్కసారి ఆడాలి. నెగ్గితే ఆమె ఇక నోరెత్తదు, పోతే ఆ సోమవారం అతను ఉద్యోగంలో చేరాలి. ఫోన్లెత్తడమంటే అతనికి ప్రాణం పోయినంత పని.

లెక్కపెట్టేవాడే పందెం పెంచితే పట్టుబడతాడు గనక, ఈసారి ముక్కలు లెక్కపెట్టేది రత్నకుమారి. తెనాలిలో ధాన్యం కొట్టున్న ఇంటి పిల్ల, లెక్కలో గట్టిది. చిన్న ముక్క పడితే ఒకటి కలపాలి, పెద్ద ముక్క పడితే ఒకటి తీసెయ్యాలి. ఆమె చిల్లర పందేలు కాస్తూ లెక్క చూస్తుంది. అతను ఎవరో పరాయివాడిలా వచ్చి కూర్చుని, ఆమె గొణిగే అంకెను బట్టి పందెం కాస్తాడు. ఐదు దాటితేనే పెద్ద పందెం. ఇంట్లో నెల రోజులు ఇంగ్లీషులో సాధన చేయించాడు. ముక్కలు పంచే అమ్మాయికి అర్థమవుతుందేమోనని, బయల్దేరే ముందు మాత్రం, తెలుగులో చెప్పమన్నాడు.

ఆ మధ్యాహ్నం అతను కూర్చోగానే రత్నకుమారి, స్తోత్రం చదువుకుంటున్నట్టు, "లాభం" అంది.

ద్వారకానాథ్ గుండె ఎగిరి గంతేసింది. అంకె చెప్పడం కూడా మరిచిపోయేంత లాభమన్నమాట! పెద్ద పందెం కాశాడు, పోయింది. తర్వాత ఆమె "రెండు" అంది. బుద్ధిగా తగ్గించాడు. మళ్ళీ "లాభం" అంది. ఈసారి రెట్టింపు కాశాడు. రత్నకుమారి కళ్ళు పెద్దవి చేసింది. దాన్ని అతను ఉత్సాహమనుకున్నాడు. పరాయి ఆడమనిషిలా కూర్చుంది కదా, అతని చెయ్యి పట్టుకుని ఆపలేకపోయింది. గంట తిరక్కుండా తెచ్చిందంతా ఊడ్చుకుపోయింది.

బయట వరండాలో అరికాలి మంట నెత్తికెక్కి నిలదీశాడు.

"లాభం లాభం అని నువ్వేగా అన్నావు!"

"అన్నాను. ఒకటి ఉంటే లాభమనే అంటాం కదండీ. మా నాన్న కొట్లో మొదటి కొలతని ఒకటి అంటే ఊరుకునేవారా?"

"ఒకటిని లాభమంటారా? మరి ఏడొస్తే ఏమనేదానివి?"

"ఆరున్నొక్కటి. కొలిచేటప్పుడు ఏడూ ఏడూ అని ఎవరంటారండీ, అశుభం! కౌంట్ మాత్రం ఒక్క కార్డు కూడా మిస్ కాలేదు."

ఆమె మొదటి నుంచీ పడిన ముక్కలన్నీ అప్పజెప్పింది. అతనికి గుర్తున్నవాటితో సరిచూసుకున్నాడు. ఒక్కటంటే ఒక్కటి తప్పలేదు. ఎవర్ని తిట్టాలి? ఇంగ్లీషులో సాధన చేయించి తెలుగులో ఆడించిన తనను తప్ప తిట్టడానికి అక్కడెవరూ లేరు. తెలుగు తనకు రాదని ముప్పై నాలుగేళ్ళ వయసులో డార్విన్ వచ్చి తెలుసుకున్నాడు.

అప్పుడే సూటు వేసుకున్న మేనేజరు వచ్చాడు. ద్వారకానాథ్ అలవాటుగా సంచీ భుజాన వేసుకున్నాడు. మేనేజరు మాత్రం చెయ్యి కలిపి, ఇంత దర్జాగా ఆడేవాళ్ళు తమకు అరుదని మెచ్చుకున్నాడు. ఇద్దరికీ ఉచిత భోజనం కార్డులిచ్చాడు. ఎప్పుడొచ్చినా ఉండడానికి గది ఉచితమని, తప్పకుండా మళ్ళీ రావాలని కోరాడు.

ఏడాదిలో ఏ దేశంలోనూ అతనితో ఎవరూ అనని మాట అది. రత్నకుమారి ఆకలి మీద ఉందేమో, చేప వేపుడు తృప్తిగా తింది. చేతులు తుడుచుకుంటూ ఆమె అడిగింది.

"ఆనందరావుగారికి కాల్ మీరు చేస్తారా, నన్ను చెయ్యమంటారా?"

"నువ్వే చెయ్యి" అన్నాడు ద్వారకానాథ్. "మాట్లాడ్డం నాకు రాదని తేలిపోయిందిగా. ఫోన్లో ఏమనాలో సోమవారం నుంచి వాళ్ళే నేర్పుతారు."