పాలు పొంగనివ్వని స్టవ్

మా గృహప్రవేశం రోజు పొంగే పాలను ఆపేసిన మహానుభావుణ్ణి నేనే. అంత ఘనకార్యం ఎలా చేశానో చెబుతాను, మీరూ నవ్వుకోండి.

అమెరికాలో, ట్రాయ్ అనే ఊళ్ళో మేం కొన్న ఇల్లు పాతది. వంటగదిలో అంతకంటే పాత గ్యాస్ స్టవ్, కింద ఓవెన్‌తో కలిపి ఇనప్పెట్టెలా ఉండేది. పారేద్దామంది మా ఆవిడ శైలజ. నేను వినలేదు. ప్రతి శనివారం మోకాళ్ళ మీద కూర్చుని తుప్పు గీకాను. పైభాగం ఊడదీసి తెల్లటి ఎనామెల్ పూత వేయించి తెచ్చాను. గ్యాస్ పైపు మాత్రం పని తెలిసినవాడిచేత పెట్టించాను. చివరికి అది పెళ్ళికొడుకులా తయారైంది.

"పాలు దీనిమీదే పొంగిద్దాం," అన్నాను.

"మీ ఇష్టం. పాలు మాత్రం సరిగ్గా పొంగాలండి. నాకు అదొక్కటే కోరిక," అంది శైలజ. పదేళ్ళు అద్దె అపార్ట్‌మెంట్లలో గడిపిన మనిషి, ఆ మాట ఊరికే అనలేదు.

ఆ రోజు పంతులుగారు స్టవ్‌కి పసుపు రాస్తుంటేనే నా ప్రాణం విలవిల్లాడింది. పాలగిన్నె పెట్టారు. చుట్టాలూ స్నేహితులూ ఫోన్లు పైకెత్తారు. పాలు లేచి అంచుదాకా వచ్చాయి. నాకు మాత్రం ఆ తెల్లటి పూత తప్ప లోకంలో ఇంకేమీ కనిపించలేదు. చటుక్కున నాబ్ తిప్పి ఆపేశాను.

పాలు బుద్ధిగా కిందికి దిగాయి.

"ఏం చేశారండీ?" అంది శైలజ.

"పొంగిపోతున్నాయి కదా," అన్నాను.

"పొంగాలనే కదండీ నేనొచ్చింది," అన్నారు పంతులుగారు. "త్వరగా ఆన్ చేయండి. ముహూర్తం ఇంకా ఐదు నిమిషాలే."

కంగారులో గట్టిగా తిప్పాను. నాబ్ విరిగి నా చేతిలోకి వచ్చింది, గ్యాస్ మాత్రం రాలేదు. శైలజ కళ్ళల్లో నీళ్ళు చూసి నిజంగా సిగ్గుతో చచ్చిపోయాను.

ఆవిడ ఇక నా స్టవ్ బర్నర్లు వేటినీ నమ్మకుండా బయటికి పరుగెత్తింది. ఎందుకైనా మంచిదని కారులో పెట్టుకొచ్చిన ఇండక్షన్ స్టవ్ తెచ్చి, నా స్టవ్ నెత్తిన పెట్టి, గిన్నె దానిమీదికి మార్చింది. రెండు నిమిషాల్లో పాలు పొంగి, తెల్లటి పూత మీదుగా బర్నర్లలోకి, ఓవెన్ తలుపు మీదికి ధారగా కారాయి.

"దివ్యంగా పొంగాయమ్మా," అన్నారు పంతులుగారు. శైలజ కళ్ళు తుడుచుకుని నవ్వింది.

ఈ జన్మలో ఆ స్టవ్ ముట్టుకోనని అక్కడే, అందరి ముందూ ప్రమాణం చేశాను.

"అదెలా కుదురుతుంది? ముందు ఆ పాలు తుడవండి," అంది శైలజ.

అందుకని ప్రమాణం సవరించుకున్నాను. పాలు పొంగి గరాజ్ దాకా పారినా సరే, ఆవిడ చెప్పందే ఏ నాబూ తిప్పను. తుడవడం మాత్రం నాదే.